రెండు ముక్కల గాలం కర్ర

జెద్దాలో నాకు తెలిసిన మనవాళ్లలో, గాలం కర్ర కొనుక్కోకుండా సొంతంగా కట్టుకుంటానని బయలుదేరినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇదేమీ గొప్ప కాదు. రెండోవాడు ఎందుకు లేడో ఇది చదివాక మీకే తెలుస్తుంది.

నేను ఒక ఆసుపత్రిలో ఏసీలు బాగుచేస్తాను. మాది జగిత్యాల పక్క పల్లె. నా ఇఖామాలో, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే కార్డులో, రాసిన పనికి పెళ్లాన్ని తెచ్చి దగ్గర పెట్టుకునే యోగం లేదు. విజిట్ వీసా మీద రావాలి, గడువు తీరగానే బుద్ధిగా వెళ్లిపోవాలి. మా ఆవిడ అలా మొదటిసారి వచ్చింది పోయిన చలికాలంలో.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక సముద్రం ఒడ్డుకు వెళ్లేవాళ్లం. ఫ్లాస్కులో చాయ్, సంచిలో పల్లీలు, భుజం మీద నా పాత గాలం కర్ర. పని మానేసి ఎగ్జిట్ మీద ఊరికి వెళ్లిపోతూ ఒక మలయాళీ మిత్రుడు ఇచ్చిన కర్ర అది. దూరానికి విసరడానికి చేసింది, మోయడానికి ఇద్దరు కావాలి. మొదటి శుక్రవారమే ఆవిడ నన్ను కాసేపు చూసి, చేతిలోని ఎర డబ్బా కింద పెట్టింది.

"ఒకసారి నాకియ్యి" అంది. "చిన్నప్పుడు కాలువ కాడ అన్నలు చేపలు పడ్తుంటే ఎర్రల డబ్బా పట్టుకునుడే నా పని. ఒక్కసారి కట్టె చేతికియ్యలే. ఈసారి ఒక్కటన్న నా చేత్తోని గుంజాలె. గుంజినంకనే ఇంటికి పోత."

ఇచ్చాను. ఎత్తబోయింది. కర్ర కొస నేరుగా వెళ్లి నీళ్లలో మునిగింది, ఆవిడ దాని వెంటే రెండడుగులు ముందుకు పోయింది. నేను నడుం పట్టి ఆపాను. గడ్డపారకు దారం కట్టావా ఏందని తిట్టి, మళ్లీ డబ్బా చేతిలోకి తీసుకుంది. అప్పుడే నిశ్చయించుకున్నాను, ఆవిడకు పూచికపుల్లంత తేలికైన కర్ర తేవాలని.

బుర్ర ఉన్న మగవాడైతే ఆ సాయంత్రమే పని అయిపోయేది. చేపల మార్కెట్ దగ్గర గాలాల దుకాణం ఉంది, నడిపేది హైదరాబాదు చాచా. గోడ మీద మేకుకు ఒక ఎర్ర కర్ర వేలాడుతోంది. రెడీమేడ్, తేలిక, దారం చుట్టే రీలుతో సహా. ఆవిడ దాన్నే చూపించి, మంచిగున్నదంది. నేను నవ్వాను. ఎలాంటి నవ్వు అంటే, పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి ఉద్యోగం గురించి అడిగితే పిల్లవాడి మేనమామ నవ్వే నవ్వు.

ఎందుకంటే అప్పటికి నెలరోజులుగా నేను వీడియోలు చూస్తున్నాను. అమెరికాలో ఒకాయన మోకాటి లోతు ఏట్లో నిలబడి, తన చేత్తో తాను కట్టుకున్న సన్నటి కర్రతో స్మాల్‌మౌత్ బాస్ అనే చేపను పడతాడు. కర్ర విల్లులా వంగుతుంది, చేప గాల్లోకి ఎగురుతుంది, ఆయన దాన్ని ముద్దుగా చూసి మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. కొన్న కర్రకు ప్రాణం ఉండదంటాడాయన. అంతే, నాకు దెయ్యం పట్టింది. ఆ వీడియో ఆవిడకూ చూపించాను. ఆ చేప ఇక్కడ దొరుకుతదా అని అడిగింది. దొరకదు, అది మంచినీటి చేప అన్నాను. మరి మన గోదాట్ల? అక్కడా ఉండదన్నాను. మరి దాని కట్టె మనకెందుకంది. ఆ సంగతి వీడియోలో ఆయన చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పలేకపోయాను.

కర్ర కట్టాలంటే ముందు బ్లాంక్ కావాలి. రింగులు, పిడి, రీలు ఏవీ లేని ఉత్త కార్బన్ కట్టెను బ్లాంక్ అంటారు. కర్ర గుణమంతా అందులోనే ఉంటుందట. చాచా దుకాణంలో మూలన ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో ఇలాంటివి కొన్ని నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి ఊపడం మొదలుపెట్టాను. ఊపితే ఏం తెలుస్తుందో దేవుడి మీద ఒట్టు, నాకు ఇప్పటికీ తెలియదు. కానీ వీడియోల్లో అందరూ ఊపుతారు. ఊపాక కళ్లు సగం మూసి, తల అడ్డంగా ఆడించి, మళ్లీ డ్రమ్ములో పెట్టాలి. ఇదంతా నాకు చాలా బాగా వచ్చేసింది.

అలా శుక్రవారాలు గడిచాయి. ఒకసారి బ్లాంక్ కొసకు మంచినీళ్ల సీసా కట్టి ఎంత వంగుతుందో చూడబోయాను. దారం జారి సీసా పోయి చాచా చాయ్ గ్లాసు మీద పడింది. ఆయన కోప్పడలేదు. లెక్కల కాగితాల మీది చాయ్ తుడుచుకుంటూ, పెళ్లికి పిల్లనైనా ఇంత చూసుకున్నవా మియా అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ మా ఆవిడను చూపించి, పట్టేది ఆమె గదా, జర ఆమె చేతికియ్యి అని కూడా అన్నాడు. ఇవ్వొచ్చు. కానీ ఆవిడకు ఊపడం రాదు కదా అనుకున్నాను.

చివరికి రెండు బ్లాంకులు మిగిలాయి. ఒకటి ఏకముక్క, మనిషి కంటే పొడుగు. రెండోది మధ్యలో ఊడదీసి రెండు ముక్కలు చేసుకునేది. ఆవిడ రెండింటినీ చూసి ఒక్కటే అడిగింది, కార్టన్ల పడ్తదా అని.

గల్ఫ్‌లో ఉండనివాళ్లకు ఈ ప్రశ్న బరువు తెలియదు. ఇక్కడ మా గదుల్లో మంచం తర్వాత వచ్చే సామాను కార్టనే. మనిషి ఊరి నుంచి వచ్చిన వారానికే, మళ్లీ ఊరికి తీసుకెళ్లే సామాను కోసం మూలన ఖాళీ కార్టన్ వెలుస్తుంది. సబ్బులు, పాలపొడి డబ్బాలు, టైగర్ బామ్‌లు, దుప్పటి ఒక్కొక్కటే అందులోకి చేరతాయి. ఏ వస్తువు కొన్నా ముందు దాంట్లో పడుతుందా లేదా అని కళ్లతోనే కొలుస్తాం. కార్టన్‌లో పట్టదని మంచి ఫ్యానును తిరిగి ఇచ్చేసి వచ్చినవాణ్ణి నేను. అలాంటి నేను ఆ రోజు అమెరికావాణ్ణయిపోయి, ఆవిడను నిలబెట్టి పాఠం చెప్పాను. ఏకముక్క అయితే చేప కొరికిన సంగతి నేరుగా చేతికి తెలుస్తుంది, మధ్యలో అతుకుంటే అక్కడే ఆగిపోతుందన్నాను. అయినా ఇది ఇక్కడ చేపలు పట్టడానికే తప్ప ఊరికి పంపడానికి కాదన్నాను.

"నువ్వు కట్టెను చూస్తున్నవ్" అంది ఆవిడ. "వీసా నన్ను చూస్తున్నది."

నిజమే. గడువు దగ్గరపడింది. తరువాతి శుక్రవారం ఏకముక్క కొనేద్దామని గట్టిగా అనుకుని వెళ్లాను. నాకంటే ముందు ఒక ఫిలిప్పీన్స్ ఆయన దాన్ని డ్రమ్ములోంచి తీశాడు, ఒక్కసారి ఊపాడు, డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. కళ్లు మూయలేదు, తల ఆడించలేదు, ఏమీ లేదు. వీడియోలే చూసి ఉండడు పాపం. గోడ వైపు చూస్తే ఎర్ర కర్ర కూడా లేదు, మేకు ఒక్కటే ఉంది. మిగిలిన రెండు ముక్కలదాన్నే కొన్నాను. ఇంటికొచ్చి, అన్నీ ఆలోచిస్తే రెండు ముక్కలదే మేలని తేల్చానని చెప్పాను. ఆవిడ కార్టన్ వైపు చూసి నవ్వుకుంది.

కింది ముక్కకు పిడి, రీలు బిగించే చోటు నేను అంటించాను. అది జిగురు పని, ఎవడైనా చేస్తాడు. పై ముక్క మీద గాలం దారం దూరే చిన్న చిన్న రింగులు పెట్టి, అవి కదలకుండా సన్నటి దారం వరుస తప్పకుండా చుట్టాలి. నేను చుట్టిన మొదటి రింగు పక్కకు ఒరిగింది. రెండోది చూసి ఆవిడకు నవ్వాగలేదు. తెల్లారితే నా డ్యూటీ, నాలుగు రోజుల్లో ఆవిడ ప్రయాణం. ఇటియ్యి, బీడీకి దారం చుట్టినట్టే గదా అని లాక్కుంది. పెళ్లికి ముందు బీడీలు చుట్టిన చెయ్యి అది. బొటనవేలు గోటితో దారం కొసను లోపలికి నొక్కి, ఒకదాని తర్వాత ఒకటి రింగులన్నీ కట్టేసింది. నేను దీపం పట్టుకుని కూర్చున్నాను. ఆ పని కూడా బాగానే చేశాను.

ఇక దారం మీద ఎపాక్సీ పూయాలి. లక్కలాంటి జిగురు అది, ఎండితే గాజులా గట్టిపడుతుంది. నేనే పూశాను. ఒక రోజంతా ముట్టొద్దని వీడియోలో చెప్పారు. మాకు ఉన్నది ఒక్క రాత్రే, తెల్లారితే చివరి శుక్రవారం. త్వరగా ఎండాలి. ఏసీ మెకానిక్‌కు లోకంలో ఏ కష్టానికైనా ఒకటే మందు తెలుసు. గదిలో ఏసీని అడుగు నంబరుకు దించి, తలుపుల సందుల్లో గుడ్డలు కుక్కాను. ఆవిడ వణుకుతూ కార్టన్‌లో సర్దిన దుప్పటి బయటికి తీసి కప్పుకుంది. ఎపాక్సీ ఎండాలంటే వెచ్చదనం కావాలి, చలికి అది గట్టిపడటం మానేస్తుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

శుక్రవారం పొద్దున వేలు పెట్టి చూస్తే జిగురు వేలికి అంటుకుంది. మధ్యాహ్నమూ అంతే. తడి ఉంటే ఏమైతది, పోదాం పా అంది ఆవిడ. వద్దన్నాను, దారం కదిలిపోతుంది, పడిన కష్టమంతా పోతుందన్నాను. పాత కర్ర తీసుకుని సముద్రానికి వెళ్లాం.

మా పక్కనే ఒక కుటుంబం కూర్చుని ఉంది. వాళ్లలో ఒకావిడ సన్నటి కర్ర పైకి లాగింది. కొసన అరచేయంత వెండి చేప తపతపలాడింది. మా ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. నా గాలానికి ఎర అయిపోయింది. చెయ్యి చాచాను. ఎర డబ్బా ఆవిడ చేతిలోనే ఉంది. అప్పుడు నాకు సిగ్గేసింది. ఆవిడ ఎర తీసి ఇచ్చింది.

మర్నాడు విమానం. కార్టన్‌కు టేపు వేసే ముందు ఆవిడ పై ముక్కను తీసింది. నేను పని దగ్గర్నుంచి తెచ్చిన కరెంటు పైపులోకి, జిగురు ఎక్కడా తగలకుండా దాన్ని దూర్చింది. కార్టన్‌లో మూల నుంచి మూలకు పెట్టింది. సరిగ్గా పట్టింది.

"ఇది నేను తీస్కపోతున్న."

కింది ముక్క లేకుండా అది దేనికీ పనికిరాదని చెప్పాను.

"అందుకే" అంది. "రెండూ ఈడుంటే నువ్వొక్కనివే పట్టుకుంటవ్."

ఆ తర్వాత తాడు చుట్టడం, తూకం చూడటం, మార్కర్‌తో పేరు రాయడం, అన్నీ మామూలే. ఎయిర్‌పోర్టు నుంచి తిరిగొచ్చి గదిలో ఏసీ ఆపేశాను. కింది ముక్క గోడకు ఆనించి ఉంది. దాన్ని ఒకసారి ఊపి చూశాను. ఏమీ తెలియలేదు.

రెండో రోజు ఫోన్ చేసింది. అప్పుడు నేను ఆసుపత్రి మిద్దె మీద, ఏసీ మిషన్లు వదిలే వేడిగాలి మధ్య నిలబడి స్క్రూలు విప్పుతున్నాను. రోజూ నేను పనిచేసేది అక్కడే. ఆ కర్రను ఆ గాలిలో పెట్టి ఉంటే ఒక్క పూటలో ఎండిపోయేదని అప్పుడు తట్టింది. అటువైపు ఆవిడ కార్టన్ విప్పినట్టుంది, చుట్టుపక్కలవాళ్లు సబ్బులు పంచుకుంటున్న మాటలు వినిపిస్తున్నాయి. మా ఊళ్లో అప్పటికే ఎండలు ముదిరాయి.

"ఎండింది" అంది. "ముట్టి చూసిన, అంటుకుంటలేదు. ఇప్పుడు పోదామా?"

పోదామన్నాను. ఎర డబ్బా ఈసారి నేను పట్టుకుంటానన్నాను.