పుల్లయ్య చెక్కకప్ప

చల్లపల్లికి మూడు మైళ్ళ అవతల, కాలవ లాకుల దగ్గర లస్కరు పని చేసే శౌరయ్యకు పొలమూ లేదు, పుట్రా లేదు. ఉన్నదల్లా ఒక పేరు. కొరమేను శౌరయ్య! ఏటా ఆగస్టు పదిహేనున, దేశమంతా జెండా ఎగరేసే రోజునే, ఆ పేటలో దేవమాత పండగ. ఆ రోజు ఫాదర్‌గారి భోజనానికి కొరమేను తెచ్చినవాడు ఫాదర్‌గారి పక్కన కుర్చీలో కూర్చుని తింటాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీ శౌరయ్యది. మిగతా ఏడాదంతా లాకు తలుపులు ఎత్తుతూ దించుతూ పై ఆఫీసర్ల చేత చీవాట్లు తినే మనిషికి ఆ ఒక్కపూట కుర్చీ ఏమిటో మనకేం తెలుస్తుంది!

డెబ్భై నాలుగులో ఆ కుర్చీకి ఎసరు పెట్టడానికి పుల్లయ్య దిగాడు.

అదే పేటలో అమలమ్మ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు ఈ పుల్లయ్య, ఆ వరసన పేటకంతా అల్లుడే. కొండపల్లి వాడు, అక్కడ బొమ్మలు చేసేవాళ్ళకు చెక్క కోసిపెట్టేవాడు. వస్తూ వస్తూ ఒక పునికి చెక్క ముక్క తెచ్చుకున్నాడు. బెండులా తేలే ఆ చెక్కను కప్పలా చెక్కాడు. చిన్నాచితకా కప్ప కాదు, రెండు గుప్పిళ్ళంత! పచ్చరంగు పూసి, కడుపు కింద పెద్ద గాలం బిగించి, కాళ్ళకు కూల్‌డ్రింకు మూతలు కొట్టాడు.

“ఏవిటల్లుడూ అది? చేపను పట్టడానికా, భయపెట్టి చంపడానికా?” అన్నాడు శౌరయ్య. పేట చెరువు గట్టు మీద జనం గొల్లుమన్నారు.

“బురదనీళ్ళు కదా మావయ్యగారూ, చేపకేం కనపడుద్దండీ? చప్పుడే వినపడాలి. అదీగాక, పెద్ద చేప చిన్న కప్ప కోసం ఒళ్ళు కదల్చదండీ” అన్నాడు పుల్లయ్య వినయంగా. ఆ వినయమే శౌరయ్యకు ముందు నచ్చలేదు.

నీళ్ళలో అల్లుకున్న తూటుకాడ పొదల పక్కన కప్ప పడింది. టపటపమని మూతలు నీళ్ళను కొట్టాయి. అంతే, చెరువు పగిలినట్టయింది! పుల్లయ్య గట్టుకు లాగిన చేప మూడున్నర కేజీలు తూగింది. బతికున్న కప్పపిల్లను గుచ్చి శౌరయ్య పట్టే చేపలు ఏనాడూ రెండు కేజీలు దాటలేదు.

ఆ సాయంత్రం భార్య మణెమ్మ గిన్నె ముందు పెట్టింది. “అమలమ్మ పులుసు పంపింది. ముక్క చూడు, అరచెయ్యంత!”

“ఉప్పెక్కువైంది” అన్నాడు శౌరయ్య, ఇంకా నోట్లో పెట్టకుండానే.

“ఉప్పు కాదు, నీకు కడుపుమంట ఎక్కువైంది.”

నిజంగానే మండింది. పుల్లయ్య నవ్వితే మంట, దణ్ణం పెడితే మరింత మంట. గుడి పనులు చూసే ఉపదేశి ఏసుపాదం, “ఈసారి ఎవరు పెద్దది తెస్తే కుర్చీ వాళ్ళదే. న్యాయం న్యాయమేగా శౌరయ్యా!” అనేసరికి ఆ మంట నెత్తికెక్కింది. ఇరవై ఏళ్ళు నా చేప మెక్కి, ఇవాళ నాకే న్యాయం చెబుతాడా అని పళ్ళు నూరుకున్నాడు.

పండగ నాలుగు రోజులుందనగా చెరువులో ఓ మూల నీళ్ళ మీద కారం చల్లినట్టు ఎర్రగా కొరమేను పిల్లలు తేలాయి. వాటి కింద పెద్ద చేప కాపలా తిరుగుతుంటుంది. పిల్లల దగ్గరికి ఏది వచ్చినా మీద పడి కరుస్తుంది కాబట్టి దాన్ని పట్టడం బహు తేలిక. తేలిక గనకనే పట్టకూడదు. దాన్ని లాగేస్తే గంటలో పిల్లలన్నీ కొంగల పాలు, వచ్చే ఏటికి చెరువు ఖాళీ. ఈ కట్టుబాటు పేటకు నేర్పింది సాక్షాత్తూ శౌరయ్యే.

“అయిదు కేజీలుంటదండీ మావయ్యగారూ” అన్నాడు పుల్లయ్య, కాసేపు చూసి. “కానీ పిల్లల మీదుంది. మీ మాట కాదనకూడదు కదా, వదిలేద్దామండి.”

‘అబ్బో, సత్యసంధుడు! నేను అటు తిరగ్గానే వేసేస్తాడు’ అనుకున్నాడు శౌరయ్య. దొంగకు లోకమంతా దొంగలే.

పండగ ముందురోజు సాయంత్రం గంట మోగింది. పేట పేటంతా గుడికి పోయింది. లాకుల దగ్గర డ్యూటీ ఉందని శౌరయ్య ఆగిపోయాడు. ఆగి, తిన్నగా పుల్లయ్య ఇంటికి పోయి, చూరుకు వేలాడుతున్న కప్పను తీశాడు. తన చేత్తో పేనిన నూలుతాడును, పేటలో ఇంకెవరికీ రాని తన ముడితోనే దానికి కట్టి, ఎర్రటి పిల్లల నడుమ వేశాడు.

పొలికేక పెట్టినట్టు లేచిందది! శౌరయ్య జన్మలో అంత చేపను చూడలేదు. ఒక్క గుంజు, రెండో గుంజుకు తాడు ఫట్‌మంది. చేప పోయింది, కప్పా పోయింది.

‘పోతే పోయింది, సాక్ష్యం కూడా పోయింది’ అని ఊపిరి తీసుకున్నాడో లేదో, టప్‌మని చెరువు మధ్యలో కప్ప తేలింది. చేప మునిగితే మునుగుతుంది, మళ్ళీ టపటపమంటూ తేలుతుంది. పునికి చెక్క, మునిగి చస్తుందా! ఇటుపక్క కాపలా లేని పిల్లల మీదికి కొంగలు దిగాయి. “హేయ్! పొండే!” అని అరుస్తూ శౌరయ్య మట్టిబెడ్డలు విసురుతుండగానే జనం గుడి నుంచి గట్టు మీదికి వచ్చేశారు.

“ఓరి నాయనో, చెక్కకప్ప దానంతటదే ఈదుతోంది!” అంది ఒక ముసలమ్మ, గుండె మీద చెయ్యేసుకుని.

పుల్లయ్య మొలలోతు బురదలోకి దిగాడు. తేలుతున్న తాడు అందుకుని, మెల్లగా చేపను చంకలోకి లాక్కున్నాడు. తాడు కొసన ముడి చూశాడు. గట్టు మీద శౌరయ్యను చూశాడు. గాలం ఊడదీసి, ఆ అయిదు కేజీల చేపను మళ్ళీ పిల్లల వైపు వదిలేశాడు.

“ఎవడ్రా పిల్లల మీద గాలం వేసింది?” అన్నాడు ఏసుపాదం.

“నేనేనండీ. పొద్దున సరదాపడి వేశాను, తెగిపోయింది” అన్నాడు పుల్లయ్య.

ఇక తిట్లే తిట్లు! “సిగ్గులేదూ? శౌరయ్యను చూసి నేర్చుకో! కొంగల్ని తోలుతున్నాడు పాపం, మహానుభావుడు. రేపు చేప ఉన్నా లేకపోయినా కుర్చీ శౌరయ్యదే!” అని తేల్చేశాడు ఏసుపాదం.

కుర్చీ దక్కింది, పుల్లయ్య పరువు పోయింది. శౌరయ్య ఇన్నాళ్ళూ కోరుకున్నదల్లా ఇదే. అయినా మంట చల్లారలేదు, ఇంతకింతైంది. చేపలో గెలిచాడు, పోనీ. మంచితనంలో కూడా వీడే గెలవాలా? ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుస్తుందే! ఆ కుర్చీలో కూర్చుని ముద్ద ఎట్లా దిగుతుంది నాకు?

“ఆపండెహె!” అని అరిచాడు. “వేసింది నేను. వాడి చూరులోంచి కప్పను దొంగిలించిందీ నేనే. కుళ్ళు! కుళ్ళుకుని చేశాను. చాలా?”

మణెమ్మ తల దించుకుంది. పుల్లయ్య బురదలోంచి వచ్చి, కప్పను శౌరయ్య చేతిలో పెట్టాడు.

“తాడే తెగింది మావయ్యగారూ. మీ ముడి చూడండి, ఇంకా అట్లాగే ఉంది. అదెట్లా వేస్తారో నాక్కాస్త నేర్పండి.”

“ఏడిశావులే” అన్నాడు శౌరయ్య. అంతమంది ముందు ఆ బురద గట్టు మీదే చతికిలబడి, ముడి విప్పి, పుల్లయ్యకు కనబడేటట్టు మళ్ళీ మొదటి నుంచీ వేయడం మొదలుపెట్టాడు.