తొట్టి నీళ్ళు దించిన పొద్దు

చలికాలానికి ఈత తొట్టిని ఎట్ల మూసిపెట్టాలో మా కొడుకు ఫోన్ల చూపిచ్చిండు. అందులో ఒక తెల్లాయన మోకాళ్ళ లోతు మంచుల నిలబడి, నీళ్ళు గడ్డకట్టి తొట్టి పగలకుండ నడుమ గాలిదిండు పెట్టాలంటడు. ఎల్‌బీ నగర్‌ల నీళ్ళు గడ్డకట్టాల్నంటే ఐస్ బండోడే రావాలె. మాకు చలికాలమంటే దోమలు, పాకుడు, పొద్దుగాల దగ్గు. వాటి ముచ్చట ఆయనకు తెల్వదు. నేను బడికి పోయినోణ్ణి కాదు. మగ్గం నేసుకుంట, నూలు కట్టలకు చుట్టొచ్చిన పాత పేపర్లు కూడబలుక్కుంట చదువు నేర్చిన. అందుకే అచ్చుల ఉన్నదైనా, ఫోన్ల ఉన్నదైనా ఊకెనే నమ్మ.

ఆ తొట్టి ఈత కోసం తెచ్చింది కాదు. పోయిన ఏడు నా భార్యకు పక్షవాతమొచ్చి ఎడమ కాలు, చెయ్యి పడిపోయినయి. దవాఖాన నుంచి ఇంటికొచ్చినంక, కాళ్ళు చేతులు ఆడిపిచ్చే డాక్టర్ పిల్లగాడు ఒక మాట చెప్పిండు: నేల మీద నిలబడలేని మనిషి రొమ్ముల దాక నీళ్ళల్ల నిలబడగలదు, ఒంటి బరువు నీళ్ళు మోస్తయి అని. మా ఇంటి వెనక జాగ ఉంది. కొడుకు ఇనుప కాళ్ళకు నీలం షీటు తొడిగే తొట్టి తెచ్చి బిగిచ్చిండు. లోపల, బయట సిమెంటు ఇటుకలతోని మెట్లు పేర్చినం. ఎండకాలమంత నేను ఆమె రెండు చేతులు పట్టుకొని ఎనకకు నడిస్తే, ఆమె నా దిక్కు నడిచింది. మంచంల దొర్లలేని మనిషి నీళ్ళల్ల నడిచింది. చూసినోళ్ళకు అది ఆట. మాకు అదొక్కటే ఆశ.

కార్తీకం రాంగనె ఆమెకు దగ్గు పట్టింది. డాక్టర్ పిల్లగాడు గుండెకాయ దగ్గర గొట్టం పెట్టి చూసి, "చలి పోయేదాక నీళ్ళు బంద్" అన్నడు.

"శివరాత్రి దాక మంచంల ఉంటే ఆ కాలు మళ్ళ లేస్తదా?" అని అడిగిన.

"చూద్దాం అంకుల్" అన్నడు.

ఏం చూస్తడు? చూసేది మేము. తిన్నది ఒంటికి పట్టక, నడిచిన కాలు మళ్ళ కట్టెలెక్క అయితుంటే పక్కన కూసొని చూసేది నేను. చదువుకున్నోళ్ళకు ఆ ఒక్క మాట దొరికింది, చూద్దాం.

తొట్టి మూసే రోజు పొద్దున ఆమె మొండికేసింది. "ఆఖరుసారి దిగుత" అని. మాట ముద్దగ వస్తది గాని మొండితనం మాత్రం చక్కగనే వస్తది. ఎండెక్కినంక కొడుకు ఎత్తి, కుడిచేతితోని అంచు పట్టిచ్చి తొట్ల నిలబెట్టి, దిల్‌సుఖ్‌నగర్‌ల బట్టల దుకాణం తెరవనీకి పోయిండు. కోడలు, "పిల్లను బడి బస్సు ఎక్కిచ్చి ఇప్పుడే వస్త మామా, వచ్చినంక అత్తమ్మను పైకి తీద్దాం" అని పోయింది. ఆ బస్సు ఎన్నడు వేళకు వచ్చింది గనక?

నాకు కుదురు లేదు. తొట్టి అడుగున బిరడా ఉంది గాని, తీస్తే నీళ్ళు గోడ పునాదిలకు పోతయి. పోచంపల్లి దిక్కు మా ఊళ్ళె రంగు నీళ్ళు పారబోసినట్టే, లావు పైపును నీళ్ళల్ల ముంచి నింపి, ఒక కొస అరచేత మూసి గోడవతల మురికి మోరీల ఇడిస్తే నీళ్ళు పారబట్టినయి. పైపు జారకుండ తొట్టి అంచు ఇనుముకు తాడుతోని కట్టిన. పోగుకు పోగు కలిపే ముడి అది. గుంజినకొద్దీ బిగుసుకుంటది, తడిస్తే రాయి అయితది. వేరే ముడి నా వేళ్ళకు రాదు. ఈ నీళ్ళు పోనీకి ఎట్లయినా చానసేపు పడ్తది, ఆలోపు కోడలు వస్తది అనుకొని తొట్లకు దిగిన.

ఆమెను నడిపిచ్చుకుంట, పాదాల దిక్కు చూసుకుంట, పైపు సంగతే మరిచిన.

"ఏమయ్యా" అన్నది ఉన్నట్టుండి. "ఒళ్ళు బరువైతుంది."

మొదటిసారి పడ్డ రోజు గూడ ఇదే మాట అన్నది. మళ్ళొచ్చిందనుకున్న. మూతి వంకర పోయిందా అని మొఖం చూసిన, నాలుక చూపియ్యమన్న. చూపిచ్చింది. అప్పుడు కనపడ్డది, నీలం షీటు మీద తడి గీత. నీళ్ళు రొమ్ముల కాన్నుంచి నడుం కిందికి దిగినయి.

పైపు అవతలి అంచున ఉంది. ఆమెను నడిపిద్దామంటే అడుగు పడ్తలేదు. ఇడిసిపెడ్తే ఎడమ దిక్కు కూలుతది. కూసోబెడ్దామంటే నీళ్ళు మూతికి అందుతయి. నేను అరిచిన. ఇంట్ల ఎవరున్నరు? పక్కింటి మేడ మీద బట్టలు ఆరేస్తున్న గుంటూరు దిక్కు ఆవిడ తొంగి చూసింది.

"ఏంటి బాబాయిగారూ, ఏమైంది?"

"అమ్మా, జర బిరాన రా! ఆ పైపు ముడి ఇప్పు!"

ఆవిడ మెట్లు దిగి, సందు తిరిగి, గేటు తోసుకొని వచ్చింది. ముడి మీద గోళ్ళు పెట్టింది, పళ్ళు పెట్టింది.

"ఇదేం ముడండీ బాబూ! దూడను కట్టేశారా, దొంగను కట్టేశారా?"

"వంటింట్ల కూరగాయల కత్తి ఉంది, పోయి తే తల్లీ!"

ఆవిడ కత్తి తెచ్చేసరికి నీళ్ళు తొడల మీదికి వచ్చినయి. నా చేతులు గుంజుతున్నయి. ఈ వయసుల ఇద్దరం ఒక్కసారే పడితే లేపేటోళ్ళు లేరు. ఆవిడ తాడు మీద కత్తి పెట్టింది.

"ఆగు" అన్నది నా భార్య.

"ఏందే ఆగేది?"

"ఇంక జర పోనీ."

నేను తిట్టిన. "పానం తీస్తవానే?" అన్న. ఆమె నా దిక్కు చూస్తలేదు, కింద నీళ్ళ దిక్కు చూస్తుంది. అప్పుడు తెలిసింది, నా చేతుల మీద బరువు తగ్గింది. ఇన్ని నెలలు నీళ్ళు మోసిన బరువును ఆమె కాళ్ళే మోస్తున్నయి. ఎడమ మోకాలు గాలికి రేకు కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. అయినా నిలబడ్డది. పక్కింటావిడ కత్తి పట్టుకొని నోరు తెరిచి చూసింది.

నీళ్ళు మోకాలి చిప్పలు దాటి దిగబోతుంటే, "ఇగ కొయ్యి" అన్నది. తాడు తెగి పైపు లేసింది. అదే అదనుల ఆమె మోకాళ్ళు ముడుచుకున్నయి. ఇద్దరం కలిసి ఆ నీళ్ళల్ల కూలబడ్డం. ఎముకలు ఇరగలేదు, అంతే. కోడలు ఉరికొచ్చేదాక ఆ సల్లటి నీళ్ళల్ల ఆమెను ఒళ్ళె పెట్టుకొని కూసున్న. పక్కింటావిడ పొడిబట్ట తెచ్చి ఇద్దరి తలలు తుడిచింది.

పొద్దుమూకి కొడుకొచ్చిండు. తొట్టి మడుస్తనన్నడు.

"మడవొద్దు" అన్నది తల్లి.

"డాక్టర్ నీళ్ళు వద్దన్నడు గదమ్మా. దగ్గు ముదిరితే దవాఖాననే."

"మోకాళ్ళ దాక ఉంటే రొమ్ములకు సలి ఎట్ల తాకుతది?"

కొడుకు నా దిక్కు చూసిండు. అటు దగ్గు, ఇటు మంచం. డాక్టర్ పిల్లగాడికి ఫోన్ చేస్తే, పగటిపూట, గోరువెచ్చటి నీళ్ళల్ల, ఒకరు పట్టుకొని, దగ్గు పెరిగితే బంద్ అన్నడు. ఈసారి గూడ చివర్న చూద్దామన్నడు.

ఇప్పుడు దినాం మిట్టమధ్యాహ్నం గీజర్ నీళ్ళు బకెట్లతోని మోస్త. పోసిన వేడి పోసినట్టే సల్లారుతది. కోడలు ఎనక నిలబడి నడుం పట్టుకుంటది. ఆమె దగ్గుతది, దగ్గినప్పుడల్లా ఒళ్ళంత ఊగుతది, నాకు పానం పోయి పానం వస్తది. పైకి తీస్తమంటే ఒప్పది. నిన్న ఇంక మొండికేసింది.

"నీళ్ళు ఎక్కువున్నయి" అన్నది. "జానెడు దించు."

పైపు పెట్టే ధైర్యం నాకు లేదు. మగ్గు తెచ్చి, ఆమె మోకాళ్ళ దిక్కు చూసుకుంట, ఒక్కొక్కటే బయటికి పోస్తున్న.