నా చెయ్యి, వాడి కాటా

మా చిన్నబ్బాయి పోయాడు. మొన్న ఆదివారం, ఇక్కడ చర్చిలో మొదటి పాట ఎత్తుకునే వేళకి, గుంటూరు ఆసుపత్రిలో కన్నుమూశాడు. చూడటానికి వచ్చిన మీలో ఎవరితోనూ ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేకపోయాను. పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. కూడబలుక్కుని రాస్తున్నాను.

వాడు పదో తరగతితో ఆపేసి నాతోపాటు గొర్రెల వెంట వచ్చాడు. అప్పటికే బీళ్ళు తగ్గిపోయాయి. ఎటు చూసినా పత్తి, మిరప. రేడియోలో విన్నాడో ఏమో, ఒకరోజు, "గొర్రెపిల్లలకి దాణా పెట్టి దొడ్లోనే పెంచుదామే అమ్మా," అన్నాడు.

"గడ్డి తినే నోటికి గింజలేందిరా?"

"అయితే పందెం. నాలుగు నీవి, నాలుగు నావి."

తన నాలుగింటికీ చెవి దగ్గర ఎర్ర రంగు పూశాడు. జొన్నలు, తవుడు, వేరుశనగ చెక్క, కాస్త ఉప్పు కలిపి తొట్టిలో పోసేవాడు. నావి నా వెంట గట్ల మీద, కోతలైన చేలల్లో మేసేవి. మిర్చి తూచే కాటాకి గోనెసంచి కట్టి, అందులో పిల్లల్ని తూచేవాడు. నేను నడుం మీద చెయ్యి వేసి చూసేదాన్ని. ఎముక వేలికి తగిలితే పిల్ల చిక్కినట్టు.

"నీ చెయ్యేమన్నా కాటానా?" అని నవ్వేవాడు.

"కాటా అబద్ధమాడుద్దేమోగానీ నా చెయ్యి ఆడదు, పోరా."

వాడివే ఎక్కువ తూగాయి. నేను ఒప్పుకోలేదు. ఒకసారి తొందరలో జొన్నలు ఎక్కువ పోస్తే ఒక పిల్లకి కడుపు ఉబ్బింది. పొద్దంతా దాని పొట్ట రుద్దుతూ కూర్చున్నాడు. "తగిన శాస్తి," అని ఎగతాళి చేశాను. అది తేరుకున్నాక, "నీదీ వద్దు, నాదీ వద్దమ్మా. పగలు మేత, సాయంత్రం గుప్పెడు దాణా. సరేనా?" అన్నాడు. అప్పటినుంచి అలాగే చేశాం. పందెం వాడే గెలిచాడని మాత్రం నేను అనలేదు.

ఆ నెలల్లోనే వాడికి దగ్గు పట్టుకుంది. "మిరప ఘాటులే," అనేవాడు. మిరప ఆరబోసే కళ్ళాల్లో అందరం దగ్గేవాళ్ళమే కదా, నమ్మాను. వదులు చొక్కాలు వేసుకునేవాడు. పెద్దవాడయ్యాక వాడి ఒంటి మీద నేను చెయ్యి వేసిందెప్పుడు?

ఆసుపత్రిలో చొక్కా విప్పించారు. "ఇంత చిక్కిపోయేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదామ్మా?" అన్నారు డాక్టరుగారు. వీపు మీద చెయ్యి వేశాను. ప్రతి ఎముకా తగిలింది. వాడు నా మొహం చూసి, "ఏమంటందే నీ చెయ్యి?" అని నవ్వబోయాడు. దగ్గొచ్చింది. 

నిన్న సాయంత్రం మేత నుంచి వచ్చిన పిల్లలు ఖాళీ తొట్టి చుట్టూ చేరి వాకిలి వైపు చూస్తున్నాయి. వాడు కలిపినట్టే కలిపి పోశాను. చెవి దగ్గర ఎరుపు సగం వెలిసిన పిల్ల నడుం మీద చెయ్యి వేశాను. ఎంత నొక్కినా ఎముక తగల్లేదు.

"నువ్వే గెలిచావురా," అన్నాను.

అది తలెత్తకుండా తింటూనే ఉంది. తొట్టి ఖాళీ అయ్యేదాకా నేను చెయ్యి తియ్యలేదు.