వంజరం చందువైన పొద్దు

దేవి వెబ్ పేజీలు చేయడం నేర్చుకుంటోంది. నీలం రంగు పేరు రాస్తే తెరంతా నీలం పరుచుకున్న మొదటి రోజున తనకే సముద్రం పుట్టినంత సంబరపడింది. ఇప్పుడు, అమ్మ సూర్యకాంతమ్మ అమ్మే చేపల కోసం ఏకంగా ఒక పేజీ చేసింది. ల్యాప్‌టాప్‌లో దాని నిండా ఒక వంజరం చేప ఈ చివరి నుంచి ఆ చివరికి వెండి కత్తిలా పడుకుని ఉంది. ఆ మురిపెంలోనే లింకు అమ్మ ఫోనుకు పంపింది.

సూర్యకాంతమ్మ అప్పటికే తట్ట సర్దుకుంది. సీతమ్మధార అపార్ట్‌మెంట్లలో తన దగ్గర కొనేవాళ్లకు ఈ పూట పేజీ చూపిస్తానంది. వాళ్లకు నచ్చకపోతే మాత్రం దేవి రేపటి నుంచి ఆ చదువు కట్టిపెట్టి కత్తిపీట ముందు కూర్చోవాలి.

ఫోను తెరిచి ఆమె కనుబొమలు ముడిచింది.

"ఒలే గుంటా, ఇదేటి?"

"వంజరమే అమ్మా."

"నాను పుట్టి బుద్దెరిగాక ఇంత గుండ్రటి వంజరాన్ని సూళ్లేదు. సందువ సేపే ఇది."

దేవి ఫోను లాక్కుంది. నిజమే. చేప అటూ ఇటూ నొక్కుకుపోయి నిలువునా ఉబ్బింది. మెట్టు మీద టీ తాగుతున్న మేనత్త కొడుకు వీరేంద్ర తొంగిచూశాడు. టీ ముక్కులోకి పోయింది.

"ఏటి మేపేవే దీన్ని, మరదలా?"

"నువ్వు నోర్ముయ్ బావా."

ల్యాప్‌టాప్ ముందు కూలబడి రాసినదంతా వెతికింది. వెడల్పును తెరకు తగ్గట్టు మారమంది కానీ, ఎత్తును ఒక అంకె దగ్గర మేకేసి బిగించింది. పెద్ద తెర మీద ఆ మేకు కనబడలేదు.

"తొరగా కానీ, బస్సెల్లిపోతాది," అంది అమ్మ.

దేవి ఆ అంకెను చెరిపి, వెడల్పును బట్టి ఎత్తు తనంతట తానే సర్దుకునేలా రాసింది. ఫోనులో పేజీ మళ్లీ తెరిచింది. చేప సన్నగా, పొడవుగా, నీళ్లలోంచి అప్పుడే జారి వచ్చినట్టుంది. వీరేంద్ర ఆ ఫోను అందుకుని అడ్డంగా తిప్పాడు. వంజరం ఒళ్లు విరుచుకుంది. నిలువుగా తిప్పాడు. ముడుచుకుంది.

"ఇలాగియ్యి," అంటూ సూర్యకాంతమ్మ లాక్కుని తిప్పింది, మళ్లీ తిప్పింది, చిన్నపిల్లలా కిచకిచ నవ్వింది. ఆ నవ్వులోనే బస్సు వెళ్లిపోయింది. వీరేంద్రే తట్టతో సహా ఆమెను బండి మీద ఎక్కించుకుపోయాడు.

దేవికి అన్నం సయించలేదు. ఎండ నడినెత్తికొచ్చే వేళకి తన ఫోను మోగింది.

"ఒలే, రొయ్యలూ పీతలూ కూడా పేజీలో ఎట్టమని అడుగుతన్నారే," అమ్మ వగరుస్తోంది. "కత్తిపీట నాను సూసుకుంటాను. నువ్వు కూకుని అదే నేర్సుకో."

దేవి కూర్చుంటే కదా. పక్కింటి గంగాలమ్మ బుట్టలోంచి ఒక పీతను ఇసుకలోకి దింపి, ఫొటో తీద్దామని ఫోను ఎత్తింది. అది అడ్డంగా పరిగెత్తింది. దేవి కూడా నవ్వుతూ, తూలుతూ, దాని వెంట అడ్డంగానే పరిగెత్తింది.