మిట్టమధ్యాహ్నపు మంగళం

పట్టపగలు, అందరూ అన్నాలు తినే వేళ, ఒక ఊరు మొక్కుకున్న మొక్కును నేనొక్కణ్ణే ఒక్క పాటతో కూలదోశాను. నాయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన వినడన్న ధైర్యంతోనే ఇప్పుడు రాస్తున్నాను.

దొరల కాలం నాటి మాట. బేస్తవారిపేట పక్కన మా ఊరికి రెండేళ్లుగా వాన లేదు. సజ్జ మోకాలెత్తు కూడా లేవకుండానే ఎండిపోయింది. పెద్దలు కూర్చుని రామమందిరంలో ఏకాహం మొక్కారు. ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా భజన ఆగకూడదు. ఆగితే మొక్కు చెల్లదు. చివర మంగళం పాడితే ముగిసినట్టు. ఆ తరువాత ఇక పాట లేదు.

భజనకు పెద్ద మా నాయన. నాకు పద్దెనిమిదేళ్లు. మార్కాపురంలో ఒక నాటకాల హార్మోనిస్టు దగ్గర నెల రోజులు నేర్చుకుని, సంగీతమంతా నా గొంతులో కాపురం పెట్టిందన్న నమ్మకంతో తిరిగొచ్చాను. నిజానికి వచ్చినవి మూడు కీర్తనలు, ఒక మంగళం. మంగళం మాత్రం ఘనంగా వచ్చు. ఒక్కో మాటకు ఎనిమిది మెలికలు, ఊళ్లో నగలన్నీ ఒకే పెళ్లికూతురి మెడలో వేసినట్టు.

నాయన నన్ను నమ్మి మధ్యాహ్నపు వంతు ఇచ్చాడు. "మేము తినొచ్చేదాకా ఆపొద్దురా" అని చెప్పి, అందరితో కలిసి పక్క పందిట్లోకి వెళ్లాడు.

మూడు కీర్తనలూ ఐదేసి సార్లు పాడాను. నీళ్ల కడవ దగ్గర కూర్చున్న సుబ్బమ్మత్త ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఏందిరా అల్లుడా, పాడిందే పాడతావుండావు? నెల్రోజులు నేర్చుకునింది ఇంతేనా?"

"ఇంకా ఉండాయిలే అత్తా."

"ఉంటే పాడు మరి. దాచిపెట్టి పెండ్లానికి పాడతావా?"

మద్దెల వాయించే వాడు కూడా నవ్వాడు. నాకు రోషం వచ్చింది. కళ్లు మూసుకుని మంగళం ఎత్తుకున్నాను. నమ్మండి, ఆ రోజు నిజంగా బాగా పాడాను. అదే ముంచింది.

మంగళం చెవిన పడగానే ఊరంతా విస్తళ్ల ముందు నుంచి లేచి వచ్చింది. ఎంగిలి చేతులతోనే దండాలు పెట్టారు. పూజారి హారతి వెలిగించాడు. మద్దెల ఆగింది, తాళాలు ఆగాయి. ప్రసాదానికి చేతులు చాచాక ఎవరో ఆకాశం వైపు చూశారు. పొద్దు నడినెత్తిన ఉంది.

"మంగళం ఎవురు పాడినారు?" అన్నాడు నాయన.

నేను చెప్పనక్కరలేకపోయింది. అన్ని తలలూ నా వైపే తిరిగాయి.

"అయిపాయ. మొక్కు పాయ," అన్నాడు పూజారి. "మల్లా మొక్కుదామంటే పదిమందికి పెట్టను ఊళ్లో గింజ ల్యా."

అప్పుడు వినపడింది, చిడతల చప్పుడు. స్తంభం వెనక, గొర్రెలు కాచే ఎర్రయ్య మామ కళ్లు మూసుకుని "రామా, రామా" అంటూనే ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఆపలేదు. నా మెలికల కింద ఆ గొంతు ఎవరికీ వినపడలేదు, అంతే.

నాయన చేయి కడుక్కోకుండానే కూర్చుని ఆ నామం అందుకున్నాడు. పాట చేతులు మారాకే ఎర్రయ్య మామ కళ్లు తెరిచాడు.

"మామా, మంగళం వినపల్యా నీకు?" అన్నాడు పూజారి.

"ఎందుకు వినపల్యా సామీ. పిల్లోడు దేవున్ని సల్లగుండమన్నాడు. మంచిదే గదా. సల్లగుండమంటే లేసి పోవాల్నా?"

పూజారి హారతి పళ్లెం మెల్లగా కింద పెట్టాడు.

దీవించేవాడు దేవుడు, అందుకునేది మనం అనుకుంటూ పెరిగాను. కానీ మంగళంలో మనిషే దేవుణ్ణి దీవిస్తాడు. ఇంట్లో గింజ లేని మనిషి, గొర్రెకు గడ్డి దొరకని మనిషి దీవిస్తాడు. అన్నిసార్లు సాధన చేసిన పాటలో ఆ సంగతి ఉందని ఆ పూట దాకా నాకు తెలియదు. తరువాత చాలా పుస్తకాలు చదివాను. ఆ మాటను మించింది దొరకలేదు.

మరునాడు సూర్యోదయానికి నాయన ఎర్రయ్య మామ చేతే మంగళం పాడించాడు. ఒక్క మెలిక లేదు. ఊరు ఊపిరి బిగబట్టి విన్నది.

నాలుగో రోజు వాన కురిసింది, గిద్దలూరులో. మా ఊరికి రావడానికి ఇంకో పది రోజులు పట్టింది. "సగంలో మంగళం పాడినావు గదరా, వాన సగం దూరం వచ్చి కూచునింది," అని నాయన చివరిదాకా అంటూనే ఉన్నాడు.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరి మంగళం ఎత్తుకోను. ఎవరైనా ఎత్తుకుంటే వెనక గొంతు కలుపుతాను. అదీ, ముందు బయటికి వెళ్లి పొద్దు ఎక్కడుందో చూసి వచ్చాకనే.