మిరపకాయల ఘాటు పోవడానికి ఎనిమిది రోజులు

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం సూర్యాపేటలో మా అత్తగారిల్లు కాలింది. ఆ రోజుల్లో ఇల్లు కాలిందంటే ఎవరైనా ముందు అడిగే మాట, "ఎవరు కాలబెట్టిండ్రు?" రజాకార్లు కాదు, దొంగలూ కాదు. నేనే. నా పాడు కోపం.

మాది కోదాడ. అప్పటికి పెళ్లై ఏడాది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆ పొద్దున అత్త ఇరుగుపొరుగు ముందే అనేసింది. నాకా, ముక్కు మీదే కోపం. ఎదురు చెప్పే ధైర్యం లేక ఆ కసి పొయ్యి మీద చూపించాను. ఒక చేతి నిండా కందికట్టె తెచ్చి ఒక్కసారే కుక్కాను. ఎండిన కందికట్టె ఊరుకుంటుందా! భగ్గుమని లేచిన మంట అటక మీది ఎండుమిరపకాయల గోనెలకు అంటుకుంది.

వాడకట్టంతా బిందెలతో ఉరికివచ్చి ఆర్పారు. దేవుడి దయ, మనిషికి గాని గొడ్డుకు గాని ఏమీ కాలేదు. వంటింటి కప్పు సగం పోయింది, అంతే. కానీ రెండు గోనెల మిరపకాయల పొగ! గోడల్లోకి, దూలాల్లోకి, బొంతల్లోకి, ఉట్టి మీది చల్లకుండలోకి కూడా దూరింది. ఆర్పడానికి వచ్చినవాళ్లు ఆర్పడం తక్కువ, తుమ్మడం ఎక్కువ. పక్కింటి తాత కళ్లు తుడుచుకుంటూ, "ఏం కోడలు పిల్లా, వాడకట్టు మొత్తానికి ఒక్కతీర్గ తాలింపు పెట్టినవ్ గదనే!" అన్నాడు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

నవ్వకపోవడానికి కారణం ఉంది. మిర్యాలగూడలో ఇచ్చిన మా ఆడబిడ్డకు ఏడో నెల. తొలిచూలు. ఎనిమిది రోజుల్లో పురిటికి వస్తున్నది, వెంట వాళ్ల అత్త కూడా. ఆమెకు కోడలిని పంపడం మొదటినుంచీ ఇష్టం లేదు, ఏ వంక దొరుకుతుందా అని చూస్తున్నది. తాలింపు వాసనకే కక్కుకునే పిల్లను ఈ ఘాటులో ఒక్కపూట ఉంచుతుందా? వచ్చిన బండిలోనే తిరిగి తీసుకుపోతుంది. మా అత్తకు ఉన్నది ఒక్కతే ఆడపిల్ల. ఆమె ఒక్క మాట కూడా తిట్టకుండా అరుగు మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది.

మొదట మేం చేసిన తెలివితక్కువ పని సాంబ్రాణి వేయడం. మంచి వాసన చెడ్డ వాసనను తరుముతుందనుకున్నాం. తరమలేదు, రెండూ కలిసి కాపురం పెట్టాయి. గుళ్లో పూజారి గారు మిరపకాయ బజ్జీలు వేస్తున్నట్టు తయారైంది ఇల్లు. "పొగ మీద పొగ వేస్తే ఎట్ల పోతదే? మన అక్కల్ మీద మన్ను పడ!" అని మా ఇద్దరి తెలివినీ తిట్టుకుంటూ అత్త తలకొట్టుకున్నది. ఆ మాటతో ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఇల్లు కాలిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఇక కొంగు నడుముకు చుట్టాం. గోడల మీది మట్టిపూత కొడవలితో గీకి గంపలకొద్దీ ఊరవతల పోశాం. వాసన పట్టింది ఆ మట్టికే, దాన్ని ఉంచుకుని పైన ఎన్ని పూసినా దండగ. దూలాలను చింతపండు పులుసుతో, బూడిదతో తోమాం. బొంతలు రెండుసార్లు చాకిరేవుకు వెళ్లాయి. వంటింటి కప్పు మళ్లీ వేయించి, గోడలకు కొత్తగా ఎర్రమట్టి మెత్తి, నేల పేడతో అలికి, ఆ పైన మూడు పూతలు సున్నం కొట్టాం. మూలమూలకూ బొగ్గుల కుండలు పెట్టి తలుపులన్నీ బార్లా తీశాం. రోజూ సాయంత్రం అత్త పక్కింటి తాతను పిలిచి వాసన చూడమనేది. ఆయన దర్జాగా ఇల్లంతా తిరిగి, "ఇంకా ఉన్నది" అని చెప్పి చాయ తాగి పోయేవాడు. ఏడో రోజు చాయ తాగాక "లేదు" అన్నాడు. చాయకు మురిసి అన్నాడో, నిజంగా అన్నాడో!

ఎనిమిదో రోజు గూడుబండి దిగారు. వియ్యపురాలు గడప దాటింది, ముక్కు ఎగబీల్చింది, గట్టిగా తుమ్మింది.

"ఏంది వదినె, మిరపకాయల ఘాటు?"

మా అత్త మొహం తెల్లబడింది. నా నోరు ఎప్పటిలాగే ముందు ఉరికింది. "దిష్టి తీశామండీ, పెద్దమ్మా."

"మేం ఇప్పుడే వస్తిమి గద. ఎవలకు తీసిండ్రు?"

"ఇంటికి."

ఆమె కొత్త సున్నపు గోడలను నింపాదిగా చూసింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత కాల్చినా ఘాటు రాదని మా వైపు నమ్మకం. "గింత ఘాటు వచ్చిందంటే ఇంటికి దిష్టే లేదన్నట్టు. మంచిది, మంచిది" అని వెళ్లి కూర్చుంది. ఆడబిడ్డ తల్లిని పట్టుకుని లోపలికి వెళ్లి, కక్కుకోకుండా రెండు ముద్దలు తిన్నది. నాకు ప్రాణం లేచివచ్చింది.

వియ్యపురాలు రెండు రాత్రులు ఉన్నది. మూడో పొద్దున బండి కట్టారు. ఆడబిడ్డ మూట బండెక్కుతుందా, ఇంట్లోనే ఉంటుందా అని మా అత్త కొంగు నలుపుతూ నిలబడింది. వియ్యపురాలు నన్ను దగ్గరికి రమ్మని నా రెండు చేతులూ తిప్పి చూసింది. సున్నానికి కాలి అరచేతులు పొక్కులు పొక్కులుగా ఉన్నాయి.

"ఒక్క వాసన కోసం గింత తిప్పలు పడ్డోళ్ల కాడ పిల్లను ఉంచక, ఇంకేడ ఉంచుత? పురుడు పోసే దాక ఈడనే ఉంటది" అన్నది.

నేను తెల్లబోయాను. "మరి దిష్టి..."

"దిష్టి లేదు గిష్టి లేదు. అద్దంల ఎన్నడన్న మొహం సూసుకున్నవా? నీ ఎడమ కనుబొమ్మ ఏదే?"

చెయ్యి పెట్టి చూసుకుంటే సగం లేదు. ఇల్లంతా గీకాం, కడిగాం, తోమాం గాని, కాలిన నా కనుబొమ్మ సంగతి అత్తకూ నాకూ ఇద్దరికీ తట్టనే లేదు. మా అత్త ఏడుస్తూనే పకపకా నవ్వింది. బండి కదిలాక ఆ మహాతల్లి గూట్లోంచి తల బయటపెట్టి, వీధి వీధంతా వినేలా కేకేసింది.

"వదినె! నా కోడలు పైలం. నీ కోడలిని మాత్రం పొయ్యి కాడికి రానియ్యకు!"