నాన్న గుడి లోపలికి వచ్చిన సోమవారం

మా నాన్నకు దేవుడి మీద నమ్మకం లేదు. నాయనమ్మకు దేవుడు తప్ప ఇంకో ధ్యాస లేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఆ తల్లీకొడుకులు ఒక్కరోజు కూడా ఈ విషయం మీద ఎందుకు పోట్లాడుకోలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నూజివీడు పొలిమేర దాటాక మామిడి తోటల మధ్య ఒక పాత శివాలయం ఉండేది. ఎవరు కట్టించారో, ఎన్ని వందల ఏళ్ళదో ఊళ్ళో ఎవరూ సరిగా చెప్పలేకపోయేవారు. నల్లరాతి గోడలు, నడిచి నడిచి మధ్యలో పళ్ళెంలా గుంటపడిన మెట్లు. పండగలప్పుడు తప్ప జనం పెద్దగా ఉండేవారు కాదు. కార్తీక మాసంలో ప్రతి సోమవారం నాయనమ్మనూ నన్నూ నాన్నే గూడుబండిలో అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఎడ్లను విప్పి గడ్డి వేసి, బయట అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. నాయనమ్మ కూడా రమ్మనేది కాదు. పూజ అయ్యాక ఆవిడ ఇచ్చిన కొబ్బరిముక్క మాత్రం మారుమాట లేకుండా నమిలేవాడు.

"ప్రసాదం తింటే పుణ్యం వస్తుందంటగా నాన్నా?" అని ఓసారి అడిగాను.

"పుణ్యం సంగతి తెలీదు గానీ, కొబ్బరి బాగుందమ్మా" అన్నాడు.

పందొమ్మిదివందల యాభైల ఆఖర్లో, నాకు పదేళ్ళప్పుడు, వానాకాలంలో నాయనమ్మ పెరట్లో నాచు మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. కట్టు కట్టించారు, నెలల తరబడి మంచం దిగనివ్వలేదు. అయినా ఆవిడ మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేకపోయింది. పడుకునే ఉన్నా చేతులు ఊరుకోక, పత్తి తెప్పించుకుని వత్తులు చేసేది. కార్తీకం వచ్చేసరికి మూడువందల అరవై అయిదు వత్తులూ కట్టగట్టి సిద్ధంగా పెట్టింది.

మొదటి సోమవారం పొద్దున్నే నన్ను పిలిచి ఆ కట్ట చేతికిచ్చింది.

"మీ అమ్మా నువ్వూ వెళ్ళి వెలిగించి రండే. నా పేరు చెప్పండి. ఆయనకి తెలుసులే."

గొంతు మామూలుగానే ఉంది. మొహం మాత్రం గోడవైపు తిప్పేసుకుంది.

వరండాలో గడ్డం గీసుకుంటున్న నాన్న ఆ మాట విన్నాడు. సగం గీసిన గడ్డంతోనే లేచి వెళ్ళి బండి కట్టాడు. బండిలో గడ్డి మందంగా వేసి, దాని మీద తన పరుపు పరిచాడు. లోపలికొచ్చి నాయనమ్మ భుజాల కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేసి లేపాడు.

"ఎక్కడికిరా?" అంది ఆవిడ కంగారుగా.

"గుడికి. నీ దీపాలు నువ్వే వెలిగించుకో."

గుడి ముందు బండి ఆగాక నాయనమ్మ, "ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకుంటాన్లేరా. నీకెందుకు శ్రమ?" అంది. నాన్న చెప్పులు విడిచి, ఆవిణ్ణి ఎత్తుకుని మెట్లెక్కాడు. వత్తులూ నూనెగిన్నే పట్టుకుని నేను వెనకాలే నడిచాను. నాన్న లోపల ఎవరినైనా ఏమైనా అంటాడేమోనని నాకు భయంగా ఉంది.

గర్భగుడి ముందున్న గుమ్మం చాలా పొట్టిది. నాన్న ఆరడుగుల మనిషి.

"వంగరా, తల తగుల్తుంది" అంది నాయనమ్మ. నాన్న వంగాడు.

ఆవిడ ఆయన చేతుల్లోనే పకపకా నవ్వింది. "ఇన్నాళ్ళకి వంగావు గదరా!"

"కట్టినవాడికి కొలతలు రాకపోతే నేనేం చెయ్యనమ్మా?"

పూజారిగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ ముసలాయనకు నాన్న సంగతి బాగా తెలుసు. నాయనమ్మ గోత్రం చెప్పి, కాస్త మొహమాటపడుతూ, "అబ్బాయి పేరు కూడా చదవమంటారాండీ?" అని ఆవిణ్ణే అడిగారు.

"వద్దండీ. వాడికి ఇష్టం ఉండదు" అంది.

నేను పళ్ళెం దగ్గరగా పట్టుకుంటే ఆవిడే వంగి వత్తులు వెలిగించింది. తర్వాత హారతి వచ్చింది. రెండు చేతులూ దాని మీద పెట్టి కళ్ళకద్దుకుంది. మళ్ళీ పెట్టి, అలవాటుగా నా కళ్ళకద్దింది. మూడోసారి పెట్టిన చేతులు నాన్న మొహం వైపు వెళ్ళి, మధ్యలో ఆగిపోయాయి. ఆవిడ మెల్లగా వెనక్కి తీసుకోబోయింది.

"ఆగిపోయావేం? అద్దు" అన్నాడు నాన్న.

ఆవిడ అద్దింది. చాలాసేపు ఆ చేతులు అక్కడే ఉంచేసింది. నాన్న కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడ్డాడు.

ఆ సాయంత్రం చుక్క చూసి ఉపవాసం విడిచాక, నాయనమ్మ ఎన్నో నెలల తర్వాత అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

అలా మూడు కార్తీకాలు నాన్న ఆవిణ్ణి ఎత్తుకుని తీసుకెళ్ళాడు. ఆవిడ ఆనుకుని కూర్చోవడానికి పూజారిగారు మంటపంలో స్తంభం పక్కన ఒక చెక్కపీట వేయించారు. "నువ్వూ భక్తుడివైపోయావే" అని ఊళ్ళోవాళ్ళు నాన్నను ఆటపట్టిస్తే, "మా అమ్మ బరువు ఎంతుందో మీకేం తెలుసు?" అని నవ్వేసేవాడు.

మామిడి పూత మీదున్న రోజుల్లో నాయనమ్మ పోయింది. ఆ తర్వాత నాన్న గుడి లోపలికి వెళ్ళడం నేను చూడలేదు. కానీ ఏటా వేసవిలో, ఎండుగడ్డిలో మాగబెట్టిన చిన్నరసాలు బుట్టనిండా తీసుకుని పూజారిగారి దగ్గరకు వెళ్ళేవాడు. ఇద్దరూ బయట అరుగు మీద కూర్చుని, రసం మోచేతుల దాకా కారుతుంటే, దేవుడు ఉన్నాడా లేడా అని పొద్దుగూకేదాకా వాదించుకునేవారు. నేను మాత్రం బుట్టలో మిగిలినవాటిలో మెత్తటి కాయ ఏదా అని వెతుక్కుంటూ ఉండేదాన్ని.